కార్టూన్ మీద పేరూ తేదీ బొమ్మ లోపలే వెయ్యండి సార్

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పేపర్లో రోజూ వచ్చే రాజకీయ కార్టూన్ గురించి రాస్తున్నా. అది బాగా లేదనో, మా నాయకుణ్ని తిట్టిందనో కాదు, అట్లాంటి ఉత్తరాలు మీకు మస్తుగా వస్తాయని తెలుసు. నా బాధ చదివేవాళ్ల గురించి, అంటే మా గురించే. వార్త చదివితే 'ఇది నిజమేనా' అని ఒక్కసారైనా అనుమానపడతాం, సంపాదకీయం చదివితే 'వీళ్ల మొగ్గు ఎటో తెలుసులే' అనుకుంటాం, కార్టూన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వేస్తాం, ఒకసారి నవ్వామంటే అందులో చెప్పింది ఒప్పుకున్నట్టే. అది కూడా ఒక వాదనే, గీసినాయన మనల్ని తన వైపు లాగుతున్నాడు, లాగడానికి ఆయన దగ్గర కొన్ని పద్ధతులున్నాయి అని మాకు బళ్లో ఎవరూ చెప్పలేదు.

నేను దేవరకొండలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. బొమ్మ సైజు మనిషిని ఎంత పట్టుకుంటుందో మా షాపులో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ అంటే పైన పెద్ద సారు, పక్కన ఎమ్మెల్యే, ఆ కింద మండల అధ్యక్షుడు, అట్టడుగున స్టాంపు సైజులో వరసగా యూత్ పిల్లలు. ఆ స్టాంపుల్లో తన తల పక్కవాడి తల కంటే కొంచెం చిన్నగా వచ్చిందని ప్రింటయిన ఫ్లెక్సీని వాపసు తెచ్చినవాళ్లున్నారు. 'నా మొఖం ఆయన భుజం ఎనక పెట్టినవేందన్నా' అని గంట సేపు పంచాయితీ. అంత లెక్క చూసుకునే మనుషులమే, తెల్లారి పేపర్లో ఒక నాయకుడు తాటిచెట్టంత, ఇంకో నాయకుడు ఆయన మోకాలంత ఉంటే ఆ కొలత ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడగం.

గుర్తుల సంగతి మరీ తమాషా. కారుకు పంక్చర్ చెయ్యొచ్చు, చెయ్యిని అడుక్కునేలా చాపించొచ్చు, పువ్వును బురదలో వాడబెట్టొచ్చు, పార్టీ గురించి ఒక్క ముక్క రాయకుండానే పని అయిపోతుంది. చిన్న బొమ్మే కదా అనుకునేవాళ్లు మా మునుగోడును గుర్తు చేసుకోవాలి. 2022 ఉప ఎన్నికలో రోడ్డు రోలర్ గుర్తు తమ కారులాగే కనిపిస్తోంది, ఓటర్లు పొరబడుతున్నారు అని అప్పటి అధికార పార్టీ అభ్యంతరం చెప్పింది. ఒక అభ్యర్థికి వచ్చిన ఆ గుర్తును రిటర్నింగ్ అధికారి మార్చేశారు, ఎన్నికల సంఘం మళ్లీ ఆయన రోలర్ ఆయనకు ఇప్పించింది, ఆ అధికారిని తప్పించింది. బొటనవేలి గోరంత బొమ్మ ఓటును అటూ ఇటూ చేస్తుందని పార్టీలకు బాగా తెలుసు, తెలియంది మనకే.

తెలుగు కార్టూన్లో ఇంకో కిటుకు ఉంది, దాన్ని గమనించేవాళ్లు తక్కువ. సామెతను బొమ్మ కట్టడం. పార్టీ మారబోతున్న నాయకుడు గోడ మీద పిల్లి అవుతాడు, మారినవాడు ఊసరవెల్లి, పరామర్శకు వచ్చిన మంత్రి కళ్ల కింద మొసలి కన్నీళ్లు. సామెత మనకు తాతల నాటి నుంచి నమ్మకమైన మాట కాబట్టి, దాన్ని ఎవరి మీద పెట్టినా అది ఆయనకు సరిపోయిందనే అనుకుంటాం. పిల్లి గోడ మీద ఉన్న మాట నిజమే, ఆ పిల్లికి ఈయన ముఖమే ఎందుకు పెట్టారు, దానికి ఆధారం ఆ రోజు వార్తల్లో ఉందా లేదా, అది వేరే లెక్క. ఆ రెండో లెక్క మనం చూడం.

పేర్లు రాయడం కూడా అట్లాంటిదే. సంచి మీద 'అవినీతి', కుండ మీద 'అప్పులు', కింద పడ్డవాడి అంగీ మీద 'రైతు'. మీరు ఒకసారి ఆ అక్షరాల మీద వేలు పెట్టి మూసి బొమ్మను చూడండి. వేలు పెట్టినా అర్థమయ్యేది మంచి కార్టూన్. వేలు పెట్టగానే ఒట్టి సంచీ, ఒట్టి కుండా మిగిలితే వాదన మొత్తం ఆ అక్షరాల్లోనే ఉందన్నమాట, ఆ అక్షరాలను రుజువు చేసే బాధ్యత ఎవరి మీదా లేదు. మన సూర్యాపేట నుంచి వెళ్లిన కార్టూనిస్టు శేఖర్ పాత కార్టూన్లు దొరికితే ఈ వేలు పరీక్ష పెట్టి చూడండి.

బొమ్మలో లేనిది కూడా పని చేస్తుంది. 1975 డిసెంబర్లో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, అబూ అబ్రహం ఒక కార్టూన్ గీశాడు. అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్నానాల తొట్టిలో కూర్చుని తలుపు సందులోంచి సంతకం పెట్టిన కాగితం అందిస్తూ, ఇంకా ఆర్డినెన్సులు ఉంటే కాస్త ఆగమని చెప్పండి అంటాడు. అందులో ఇందిరా గాంధీ ఎక్కడా లేదు, చూసినవాళ్లందరికీ కనపడింది మాత్రం ఆమెనే. అది గొప్పతనం. ఇదే పద్ధతిని తిప్పి వాడితే మోసం అవుతుంది, ఒక పథకం ఆగిపోయిందని అధికారంలో ఉన్నవాణ్ని బొమ్మలో నిలబెట్టి, అంతకుముందు పదేళ్లు దాన్ని పట్టించుకోనివాణ్ని ఫ్రేము బయట దాచేస్తే చాలు. వ్యాసంలో అయితే 'అయితే', 'కాకపోతే' అని రెండో పక్క చెప్పడానికి చోటుంటుంది, బొమ్మలో ఆ మాటలకు చోటు లేదు.

సరే, గీసినాయన ఒకటి అనుకుంటే చూసేవాళ్లు ఇంకోటి చూడటం కూడా ఉంది. 1949లో శంకర్ గీసిన కార్టూన్ మీద 2012లో పార్లమెంటు దద్దరిల్లింది. రాజ్యాంగం అనే నత్త, దాని మీద కొరడా పట్టుకుని అంబేద్కర్, వెనక కొరడా ఎత్తి నెహ్రూ, చుట్టూ జనం. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో ఉండేది. రాజ్యాంగ రచన నత్త నడక నడుస్తోందని శంకర్ ఎత్తిపొడుపు, రాయడానికి పట్టింది దాదాపు మూడేళ్లు కాబట్టి ఆ రోజుల్లో పేపర్ చదివినవాళ్లు అట్లాగే చదివి ఉంటారు. కానీ నెహ్రూ కొరడా నత్త మీదికా, ముందు కూర్చున్న అంబేద్కర్ మీదికా? గడీలు, దొరలు, వెట్టి గురించి ఇంట్లో విని పెరిగిన నల్లగొండ మనిషికి కొరడా కనపడ్డాక నత్త కనపడదు సార్. అది తప్పుగా చదవడం కాదు, చూసేవాడి బతుకు కూడా బొమ్మను చదువుతుంది. చివరికి ఆ కార్టూన్‌ను తీసేయాలని తేల్చారు, పుస్తకానికి సలహాదారులుగా ఉన్న యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షికర్ రాజీనామా చేశారు. నన్నడిగితే బొమ్మను ఉంచి, పక్కనే ఆ గొడవను కూడా పాఠం చేసి ఉంటే పిల్లలకు కార్టూన్ చదవడం ఆ ఒక్క పేజీతో వచ్చేది.

ఇక మా జిల్లాల బొమ్మ. నీళ్ల మీద కార్టూన్ అంటే చాలు, వంకర కాళ్ల ఫ్లోరైడ్ మనిషి వచ్చేస్తాడు. వలస అంటే పాలమూరు మనిషి, నెత్తిన మూట, చంకలో పిల్ల, ఎముకల గూడు. దేశంలో ఎన్ని ప్రాజెక్టులకు పాలమూరు లేబర్ మట్టి మోసిందో అందరికీ తెలుసు, మర్రిగూడ పల్లెల్లో ఫ్లోరైడ్ ఏం చేసిందో కూడా తెలుసు, బాధ నిజమే, నేను కాదనను. కానీ ఆ కార్టూన్లలో మాట బుడగ ఎప్పుడూ నాయకుడి నోటి దగ్గరే ఉంటుంది. ఆ మూట మనిషి ఒక పార్టీ తప్పును తూచడానికి వేసిన రాయి, అంతే. ఆర్కే లక్ష్మణ్ కామన్ మ్యాన్ కూడా నోరు తెరవడు, కాకపోతే ఆయన చూస్తూ ఉంటాడు, మనం ఆయన కళ్లతో నాయకుణ్ని చూస్తాం. మా ఫ్లోరైడ్ మనిషిని మాత్రం మనమే చూస్తాం, అయ్యో అంటాం, కోపం తెచ్చుకుంటాం, ఆ కోపం ఎవరికి ఓటుగా పోవాలో బొమ్మ చెప్పేస్తుంది. మీ కార్టూనిస్టు గారికి ఈ ముక్క చేరవేయండి.

ఇదంతా ఒక ఎత్తు, ఫోన్లో జరిగేది ఇంకో ఎత్తు. ఎన్నికల టైంలో మా షాపుకి ఒకాయన ఏదో పేపర్ కార్టూన్ ఫోన్లో పట్టుకొచ్చాడు. 'గిండ్ల మావోని పేరు తీసి అవతలాయన పేరు పెట్టు, రెండు నిమిషాల పని' అన్నాడు. పని రెండు నిమిషాలదే, ఆ మాట నిజం, అక్షరం ఉన్నచోట తెలుపు పూసి అదే సైజులో ఇంకో పేరు కొట్టడమే. చెయ్యనన్నాను, ఇంకెక్కడో చేయించుకున్నాడు, సాయంత్రానికి గ్రూపుల్లో తిరుగుతోంది. మూలన కార్టూనిస్టు సంతకం మాత్రం అట్లాగే ఉంది, అంటే తను అనని మాట ఆయన ఖాతాలో పడింది. పేరు మార్చకుండా తిప్పేవి ఇంకా ఎక్కువ. ఎప్పుడో ఉల్లిగడ్డ ధర మీద వేసిన బొమ్మ ప్రభుత్వం మారాక మళ్లీ వస్తుంది, కింద తేదీ కత్తిరించి ఉంటుంది, అది ఈ ధర మీదే గీశారనుకుంటారు.

దీనికి కేసులు పెట్టాలనేవాళ్లతో నేను లేను. 2012లో జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్రను ఒక కార్టూన్ ఫార్వర్డ్ చేశారని అరెస్టు చేశారు, ఆయనపై పెట్టిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది, అయినా ఆయన ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగాడు. పోలీసులకు బొమ్మలు చదివే పని అప్పగిస్తే ముందు లోపల పడేది మంచి కార్టూనిస్టే.

మీరు చెయ్యగలిగినవి ఉన్నాయి. కార్టూనిస్టు పేరు, పేపర్ పేరు, తేదీ బొమ్మ కింద కాకుండా బొమ్మ లోపల, గీతల మధ్యలో వెయ్యండి, కత్తిరిస్తే బొమ్మ చెడిపోయేటట్టు, ఎక్కడ వేస్తే తియ్యడం కష్టమో కావాలంటే నేనే చూపిస్తా, ఆ పని మాకు రోజూ ఉండేదే. ఆదివారం నాడు ఒక పాత కార్టూన్ వేసి, ఆ రోజు ఏం జరిగిందో, బొమ్మ ఏం చూపించి ఏం వదిలేసిందో నాలుగు వాక్యాలు రాయించండి. అది బళ్లో సోషల్ సార్లు కత్తిరించి గోడకు అంటించుకోవడానికి పనికొస్తుంది. ఇంకొకటి, నెల అయ్యాక ఆ నెల కార్టూన్లు ముందేసుకుని చెయ్యి మీద ఎన్ని, కారు మీద ఎన్ని, పువ్వు మీద ఎన్ని అని మీరే లెక్క తీసి వెయ్యండి. మీరు వెయ్యకపోతే నేను పాత పేపర్లు తీసి లెక్క పెట్టి ఇంకో ఉత్తరం రాస్తాను.

ఇట్లు
ఒక ఫ్లెక్సీ డిజైనర్
దేవరకొండ, నల్లగొండ జిల్లా