తాత పన్ను, నా మిషన్

అరేయ్ మామా,

నీ ఉత్తరానికి రెండు నెలలైనా జవాబియ్యలేదని తిట్టుకోకు, యాసంగి వడ్లు వచ్చినయంటే నాకు తిండికే టైముండదని నీకు తెల్సు. అమ్మ మోకాలు అట్లనే ఉంది, చెల్లె ఎప్‌సెట్ రాసింది, బర్రె ఈనింది, అంతే. ఇగ అసలు ముచ్చట, ఎవరికన్న చెప్పకపోతే నిద్ర పట్టేటట్టు లేదు.

వడ్ల కొనుగోలు సెంటర్ల మాయిశ్చర్, అంటే గింజల తేమ, మిషన్ల చూసే పని నాకిచ్చిన్రు కదా. 17 శాతం లోపుంటేనే తూకం, దాటితే మళ్ల ఆరబోసుకోవాలె. ఆ చిన్న డబ్బా చేతికొచ్చినంక నేనేదో కలెక్టరైనట్టు... నవ్వకు. టెన్త్‌ల లీడర్‌గ ఉన్నప్పుడు నువ్వు పెట్టిన పేరుంది సూడు, అది ఇప్పటికీ నాకే ఫిట్.

పోయిన సోమవారం పొద్దున ఏడింటికి చింతచెట్టు కాడి తాత కుప్ప. అరవై బస్తాలైతయి. నేను తొందరల పట్టా అంచు కాడ, చెమ్మ పట్టిన దిక్కు నుంచే ఒక్క పిడికెడు తీసి మిషన్ల పోసిన. 18.6. తూకం కాదు తాతా అన్న. తాత ఒక గింజ పంటి కింద పెట్టి టక్కున కొరికి "ఎండినయ్ బిడ్డా, సప్పుడు ఇను" అన్నడు. నేనేమన్ననో తెల్సా, "ఉన్నయే నాలుగు పండ్లు, మిషన్ కంటె ఎక్కువనా?" హమాలీలంతా నవ్విన్రు. ఆ నవ్వు నాకు మస్తు తియ్యగున్నది మామా, అబద్ధమెందుకు.

పగటీలి తాత బువ్వకు పోయిండు. నాకేదో గుచ్చుతనే ఉంది, మెల్లగ పోయి మూడు దిక్కుల నుంచి తీసి కలిపి, తాలు ఊది మళ్ల పెట్టిన. 16.2.

అప్పుడే ఫోన్ చెయ్యాలె. చెయ్యలె. పొద్దున అందరి ముంగట అంత మాటన్నంక ఇప్పుడు పిలిచి "నాదే తప్పు" అంటే ఆ హమాలీలు ఇగ నన్ను... రేపు పొద్దున చూసినట్టు చేసి పాస్ చేద్దాంలే అనుకున్న. రాత్రి పదకొండింటికి గాలిదుమారం, పట్టాలు లేసిపోయినయ్, కుప్ప అడుగంత నీళ్లు. తెల్లారి తాత తడిసిన వడ్లు దోసిట్ల పట్టుకుని "నా నసీబు బిడ్డా, వానను ఎవలాపుతరు" అన్నడు. నేను "అవు తాతా, వాన" అన్న. తలకాయ గూడ ఊపిన. రిజిస్టర్ల 18.6 అనే ఉంది, అడిగేటోడు లేడు.

నాలుగు రోజులు ఆ తలకాయ ఊపుడే యాదికొచ్చింది. నిన్న పొద్దుగూకినంక వాళ్లింటికి పోయి అంతా చెప్పిన, 16.2 తో సహా. తిడతడనుకున్న, తిడితే బాగుండు. చుట్ట ఆరిపోయేదాక ఏమనలె. తర్వాత ఒక్కటే అడిగిండు, "ఇంకెంతమందికి ఇట్ల చేసినవ్ ర?"

మామా, నాకు తెల్వదు. నిజంగ తెల్వదు. రాత్రి రిజిస్టర్ తెచ్చుకుని పొద్దుగాల చూసినయన్ని పెన్సిల్‌తోటి గీత పెట్టుకుంట కూసున్న, పదకొండు పేర్లు తేలినయ్, ఇంక సగం పేజీలున్నయ్. అండ్ల ఒకటి మీ చిన్నాయనది, దాని గురించి నీకు వేరే

లారీ వచ్చింది, పిలుస్తున్నరు. మిగిలింది రాత్రికి రాస్త.