వేలి కణుపుల మీద లెక్క

టాంపెరె, ఫిన్లాండ్
జనవరి 26

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేము నలుగురం క్షేమం. నువ్వూ, చెల్లీ, బావగారూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

రోజూ ఫోనులో చూసుకుంటూనే ఉన్నాం, మళ్ళీ ఈ ఉత్తరమెందుకని కంగారు పడకు. ఫోనులో మన మధ్య పిల్లలు ఉంటారు. వాళ్ళు నవ్వితే నవ్వుతాం, ఏడిస్తే పెట్టేస్తాం. నీతో చెప్పాలనుకున్న మాట మాత్రం నవంబరు నుంచి నాలోనే ఉండిపోయింది. ఈ రోజు ఆదివారం. నీ కోడలు పాపను మంచుగుట్ట మీద జారించడానికి తీసుకెళ్ళింది. బాబు బాల్కనీలో బండిలో నిద్రపోతున్నాడు. బయట మైనస్ 6. ఇక్కడివాళ్ళు పసిపిల్లలను మైనస్ 10 దాకా ఆరుబయటే నిద్రపుచ్చుతారు. ఒంటికి ఉన్ని బట్టలు, పైన దూదిసంచి లాంటి పరుపు, ముక్కూ బుగ్గలూ మాత్రం బయటికి. మొదటిసారి చూసినప్పుడు "పసిగుడ్డును మంచులో పెడతావా" అని నువ్వు ఏడ్చినంత పని చేశావు. ఇప్పుడు వాడు పేచీ పెడుతుంటే "బయట పడుకోబెట్టు, నిద్రపోతాడు" అని నువ్వే చెబుతున్నావు. వాడు లేచేలోగా గంటన్నర ఉంటుంది. అంతలో రాయగలిగినంత రాస్తాను.

మామయ్య మొన్న ఫోను చేసి "ఉద్యోగం పోయిందా నాయనా, దాచకుండా చెప్పు" అని అడిగారు. నేను వివరంగానే చెప్పాను కానీ ఆయన నమ్మినట్లు లేదు. నువ్వు కూడా ఒకసారి చెప్పు. ఇక్కడ చట్టం 2022 ఆగస్టులో మారింది. బిడ్డ పుడితే తల్లికి 160 రోజులు, తండ్రికి 160 రోజులు, భత్యంతో కూడిన సెలవు. వారానికి ఆరు రోజుల చొప్పున లెక్కిస్తారు. ఒకరి వాటాలోంచి 63 రోజుల వరకు రెండోవారికి ఇవ్వవచ్చు, మిగతావి ఎవరివి వాళ్ళే వాడుకోవాలి. నేను ఒక్క రోజు కూడా ఇవ్వలేదు. నీ కోడలు తన వాటా పూర్తి చేసుకుని ఉద్యోగానికి వెళ్ళింది, అక్టోబరు నుంచి ఇల్లు నా చేతికి వచ్చింది. ఏప్రిల్ దాకా ఇంతే. ఇది నేను సంతోషంగా ఎంచుకున్న పని అని మామయ్యకు తప్పకుండా చెప్పు.

సంతోషంగా ఎంచుకున్నాను కానీ, మొదటి రెండు నెలలు సంతోషంగా చేయలేదమ్మా. అది నీకు ఫోనులో చెప్పలేకపోయాను. నువ్వు వచ్చిన వేసవిలో రాత్రి పదకొండింటికి కూడా వెలుగు ఉండేది, గుర్తుందా, కిటికీకి నీ చీర అడ్డం కట్టి పాపను నిద్రపుచ్చేదానివి. ఆ వెలుగంతా చలికాలంలో తిరిగి ఇచ్చేయాలి. డిసెంబరులో తొమ్మిదిన్నర దాటితే గాని సూర్యుడు రాడు, మూడింటికల్లా వెళ్ళిపోతాడు. చీకట్లో పాపను లేపి, చీకట్లో బట్టలు తొడిగి, చీకట్లో పిల్లల బడిలో దింపి రావాలి. ఆ బట్టలు తొడగడమే ఒక పెద్ద పని. లోపల ఉన్ని జత, దాని మీద ఇంకొకటి, ఆపైన తల తప్ప ఒళ్ళంతా కప్పే హాలారి, చెవులూ మెడా మూసే టోపీ, మేజోళ్ళు, బూట్లు, చేతి తొడుగులు, చీకట్లో బండ్లవాళ్ళకు కనిపించేలా మెరిసే బిళ్ళ. పాపకు అంతా అయ్యేసరికి బాబు చెమటలు పట్టి ఏడుస్తాడు. బాబును సర్దేసరికి పాప ఒంటికి వస్తుందంటుంది. మళ్ళీ మొదటి నుంచి. ఒకరోజు నేను పాప మీద గట్టిగా అరిచాను. అది ఏడవలేదు. నా వంక చూసి, తన బూట్లు తనే తొడుక్కోవడానికి వంగింది. ఎడమది కుడికాలికి తొడుక్కుంది. ఆ వంగిన వీపు నాకు చాలా రోజులు కళ్ళలో మెదిలింది.

"పిల్లలు ఇట్టే పెరిగిపోతారు, ఈ రోజులు మళ్ళీ రావు, ఆనందించు" అని స్నేహితులందరూ అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ తెల్లవారుజామున మూడున్నరకు మూడోసారి లేచినవాడికి ఆ మాట అప్పు గుర్తు చేసినట్లు ఉంటుంది. ఆనందించాల్సిన రోజులను ఆనందించలేకపోతున్నానే అన్న దిగులు, అలసట మీద ఇంకొక బరువు.

అలాంటి ఒక రాత్రి బాబును భుజాన వేసుకుని తిరుగుతుంటే తణుకులో మన పాత ఇల్లు గుర్తొచ్చింది. నాన్నగారు హైదరాబాదు నైట్ సర్వీసుకు డ్యూటీ ఎక్కిన రాత్రులు. నేను దాహం వేసి లేచి వస్తే నువ్వు వసారా గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉండేదానివి. ఒళ్ళో చెల్లి. కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపులను ఒక్కొక్కటే తాకుతూ కదిలేది. పెదవులు కూడా కదిలేవి. జపం చేసుకుంటున్నావనుకున్నాను. ముప్పై ఏళ్ళు అలాగే అనుకున్నాను.

మర్నాడు ఫోనులో అది ఏ మంత్రమని అడిగాను. నువ్వు నవ్వావు. "మంత్రం కాదు నాన్నా, ఆ పూట బాగా గడిచినవి లెక్క పెట్టుకునేదాన్ని" అన్నావు. పాలు విరగలేదు, ఒకటి. వీధి కుళాయి కట్టేసేలోగా రెండో బిందె కూడా నిండింది, రెండు. పక్కింటి పిన్నిగారు అడగకుండానే వచ్చి చెల్లిని గంటసేపు ఎత్తుకున్నారు, మూడు. సాయంత్రానికి నా జ్వరం దిగింది, నాలుగు. "పన్నెండు కణుపులూ నిండేవా అమ్మా?" అని అడిగితే, "ఎక్కడ నిండుతాయి, నాలుగో ఐదో. అంతలో నిద్ర ముంచుకొచ్చేది" అన్నావు. అని, పాప అన్నం తిన్నదా అని అడిగావు.

నువ్వు మామూలుగానే చెప్పావు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు ఆ బిందెలు మోసుకొస్తుంటే నేను వెనకే ఆడుకుంటూ వచ్చేవాడిని. ఆ కిరసనాయిలు స్టవ్వు మీద ఒత్తులు సరిచేస్తుంటే పక్కనే కూర్చుని ఆకలి అని గోల చేసేవాడిని. ఇద్దరు పిల్లలు, మంచం మీద నానమ్మ, వారానికి మూడు నాలుగు రాత్రులు ఇంట్లో లేని నాన్నగారు. నీ బ్రతుకులో లేనివి లెక్క పెట్టుకుంటే రెండు చేతులూ చాలేవి కావు. నువ్వు ఉన్నవే లెక్క పెట్టుకున్నావు. ఆ లెక్కలో నా జ్వరం దిగడం కూడా ఉందని నాకు ఇన్నేళ్ళకు తెలిసింది.

అప్పటి నుంచి నేనూ రోజూ రాత్రి లెక్క పెట్టుకుంటున్నానమ్మా. మొదట్లో తప్పుగా చేశాను. "పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు, ఇల్లు వెచ్చగా ఉంది, చేతిలో డబ్బుంది" అని పెద్దపెద్దవి వేసుకునేవాడిని. రోజూ అవే. నాలుగు రోజులకే పాఠం అప్పచెప్పినట్లయింది, మనసుకు ఏదీ తగల్లేదు. నీ లెక్క మళ్ళీ గుర్తు చేసుకుంటే అర్థమైంది: నీవన్నీ ఆ రోజువే. బిందెలు అనలేదు నువ్వు, రెండో బిందె అన్నావు. ఇప్పుడు నావి ఇలా ఉంటాయి: బాబు ఉగ్గు గిన్నె అడుగుదాకా తిన్నాడు. ట్రామ్‌లో బండి పెట్టే చోటు ఖాళీగా ఉంది. మధ్యాహ్నం పన్నెండుకు పది నిమిషాలు ఎండ వచ్చి గోడ మీద పడింది, వాడు దాన్ని పట్టుకోబోయాడు. ఇక్కడ 'నెవ్వోలా' అని తల్లీబిడ్డల ఆరోగ్య కేంద్రం ఉంటుంది, టీకాలూ తూకాలూ అన్నీ ఉచితం. అక్కడి నర్సమ్మ బాబును తూచి, కాగితం నింపి, చివర నా వైపు తిరిగి "మీరు నిద్రపోతున్నారా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఒక కణుపు. బియ్యం, పెసరపప్పు వేయించి పట్టిన నీ ఉగ్గుపిండి గురించి కూడా ఆమె శ్రద్ధగా అడిగి తెలుసుకుంది. అది ఇంకొకటి, నీ పేరు మీద.

కొన్ని రోజులు రెండు దాటవు. ఆ రోజు అరిచి ఉంటే ఆ అరుపు అరుపే, ఈ లెక్కతో అది చెరిగిపోదు. కానీ రాత్రి లెక్క ఉందని తెలుసు గనుక పగలు కళ్ళు కొంచెం వెతుకుతున్నాయి. గోడ మీద ఆ ఎండ అంతకు ముందూ పడే ఉంటుంది, నేనే చూడలేదు.

మొన్న బుధవారం సంగతి చెప్పాలి. బాబుకు చెవిపోటు, రాత్రంతా ఏడుపు. ఉదయం మైనస్ 15. పాపను దింపి వస్తుంటే బడి గుమ్మం దగ్గర టీచరు చెప్పింది, పాప కుడిచేతి తొడుగు లేదని. నువ్వు అల్లిన ఎర్రది. దారంతా వెనక్కి నడిచి వెతికాను. దొరకలేదు. సాయంత్రం పాపకు చెబితే "నానమ్మ అల్లింది, నానమ్మ అల్లింది" అని పడుకునేదాకా ఏడ్చింది. ఆ రాత్రి నా వేలు ఒక్క కణుపు దగ్గరే ఆగిపోయింది: మందు వేశాక బాబు నిద్రపోయాడు.

గురువారం ఉదయం ట్రామ్ స్టాపు పక్కన కంచె ఉంది కదా, నువ్వు వచ్చినప్పుడు సంచీ తగిలించిన చోటు, అక్కడ ఒక కమ్మీ కొసన ఎర్రటి చెయ్యి నిలబడి ఉంది. ఇక్కడివాళ్ళు దారిలో తొడుగు దొరికితే జేబులో వేసుకోరు, పక్కన తోసేయరు. పోగొట్టుకున్నవాళ్ళకు కనిపించేలా దగ్గర్లో ఉన్న కొమ్మకో కంచెకో తొడిగి వెళ్ళిపోతారు. ఎవరో ఆ చలిలో వంగి, మంచు దులిపి, బొటనవేలు సరిచేసి మరీ తొడిగారు. దాని మీద నూగుమంచు పట్టి తెల్లగా మెరుస్తోంది. పాప పరుగెత్తి వెళ్ళి తీసుకుని, చుట్టూ చూసింది. ఎవరూ లేరు. కాసేపు ఆలోచించి ఆ కమ్మీకే "కీతోస్" అంది.

కీతోస్ అంటే ఇక్కడి భాషలో కృతజ్ఞత చెప్పే మాట. బడిలో భోజనమయ్యాక పిల్లలు తమ కంచం తామే తీసుకెళ్ళి పెట్టి, వంటావిడకు ఆ మాట చెప్పి వెళ్తారు. పాప ఇంట్లోనూ నాకు చెబుతోంది. మొదట విన్నప్పుడు మనకు అలాంటి మాటే లేదే అనిపించింది. ధన్యవాదాలు అని అమ్మతో ఎవరంటారు? తర్వాత తాతగారు గుర్తొచ్చారు. విస్తరి ముందు నుంచి లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అనేవారు, ఎవరింట్లో తిన్నా, మనింట్లో తిన్నా. నువ్వు వంటింట్లోంచి ఏమీ అనేదానివి కాదు, కానీ ఆయన అది అనేదాకా కంచాలు తీయడానికి వచ్చేదానివి కాదు. పాపకు ఆ మాట నేర్పుతున్నాను. "సుఖీబవ" అంటోంది, ఒత్తు ఇంకా పలకడం లేదు.

ఇప్పుడు రాత్రుళ్ళు తనూ నాతో లెక్క పెడుతోంది. తనకు ఇంకా నాలుగేళ్ళే, వేలికి మూడు కణుపులంటే నమ్మదు, వేలికి ఒకటే. గురువారం రాత్రి బొటనవేలికి తొడుగు, చూపుడువేలికి కంచె, నడిమివేలికి నానమ్మ. మిగతా రెండూ రేపటికి దాచుకుంటానని గుప్పిట మూసి నిద్రపోయింది.

బాబు కదులుతున్నాడు, బండి ఊగుతోంది. నీ మోకాలికి డాక్టరు చెప్పిన కట్టు కట్టుకుంటున్నావా? చెల్లిని అడిగితే లేదంటోంది. ఉగ్గుపిండి అయిపోవచ్చింది, ఫిబ్రవరిలో మన ఊరి నుంచి వచ్చేవాళ్ళు ఉన్నారు, కిలో పట్టించి ఇవ్వు. ఇంకొకటి. నువ్వు ఈ మధ్య గడప దగ్గర కూర్చోవడం లేదని చెల్లి చెప్పింది, మోకాలు నొప్పి వల్ల. కుర్చీ వేసుకుని కూర్చో. ఆ రోజు నీకు ఏమేం పడ్డాయో నాకు రాయి. నాలుగో ఐదో, ఎన్ని అయితే అన్ని.

నీ కొడుకు