పళ్లు తెల్లబరిచే వీడియోలు

సంపాదకులకు,

నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దితే పళ్లు మెరుస్తాయని చెప్పే వీడియోలను తిరుపతిలో చదువుకునే పిల్లలు, పెళ్లి కుదిరిన యువతులు గుడ్డిగా నమ్ముతున్నారు. ఆ పులుపు పంటిపై ఉండే గట్టి పొర అయిన ఎనామిల్‌ను కరిగిస్తుందని, పోయిన ఎనామిల్ తిరిగి పెరగదని చెప్పేవారు అందులో అరుదు. మా పక్కింటి అమ్మాయి అలా రుద్దీ రుద్దీ ఇప్పుడు చల్లని మజ్జిగ తాగినా చెంప పట్టుకుంటోంది. పళ్లు తెల్లబరచడానికి దంతవైద్యులు ఇచ్చే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ నుంచి వెలువడే, పళ్లను తెల్లబరిచే రసాయనమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతమే అయినా, దానికే కొందరికి పళ్లు జివ్వుమంటాయి. పైగా పళ్లకు వేసిన తొడుగులు, సిమెంటు నింపిన చోట్లు ఏ జెల్‌కూ తెల్లబడవు. లైకులకు లోటులేని ఈ వీడియోల్లో మాట్లాడేది వైద్యుడో, పేస్టు అమ్మే వ్యాపారో కూడా తెలియదు. మీ జిల్లా అనుబంధంలో స్థానిక దంతవైద్యులచేత ఈ విషయంపై ఒక శీర్షిక నడిపించగలరని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, తిరుపతి