రూపన్యప్‌ను నిలబెట్టింది బొమ్మలు కావు

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియాలోని పల్లెటూళ్లలో ధాన్యం నిల్వచేసే సైలోల మీద గీసిన నిలువెత్తు బొమ్మల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. ఫోటోలు కన్నుల పండువగా ఉన్నాయి, చిత్రకారుల వివరాలూ శ్రద్ధగానే సేకరించారు. కానీ జనం వెళ్లిపోయి పాడుబడుతున్న ఊళ్లకు ఆ బొమ్మలే ప్రాణం పోశాయన్నట్టు కథనమంతా సాగడం మాత్రం నాకు సమంజసంగా తోచలేదు. మీరు పేర్కొన్న ఊళ్లలో ఒకటైన రూపన్యప్‌ను, మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేను చూశాను. ప్రకాశం జిల్లాలో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం కార్యదర్శిగా పనిచేసి రిటైరైనవాణ్ణి కావడంవల్ల, ఆ ఊళ్లో సైలోల కన్నా బ్యాంకు మీదే నా దృష్టి ఎక్కువగా పడింది. ఆ తర్వాత దాని చరిత్ర కొంత చదివి తెలుసుకున్నాను. ఆ బ్యాంకు ప్రస్తావన మీ కథనంలో ఒక్క వాక్యమైనా లేకపోవడమే ఈ ఉత్తరానికి కారణం.

రూపన్యప్ మెల్‌బోర్న్‌కు వాయవ్యంగా దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, విక్టోరియా రాష్ట్రపు విమ్మెర మైదానంలో ఉంది. జనాభా ఐదు వందల పైచిలుకు, అంటే మన లెక్కన ఒక చిన్న శివారు గ్రామం. 1869లో విక్టోరియా ప్రభుత్వం తెచ్చిన భూమి చట్టం ప్రకారం ఒక్కో మనిషి 320 ఎకరాల దాకా ఎంచుకుని, అక్కడే కాపురముండి, కంచె వేసి, సాగుచేస్తూ కిస్తీల మీద సొంతం చేసుకునే వీలు కలిగింది. ఆ వీలును పట్టుకుని 1870లలో ఈ మైదానానికి జనం తరలివచ్చారు. వాళ్లలో దక్షిణ ఆస్ట్రేలియా నుంచి బళ్లు కట్టుకుని వచ్చిన జర్మన్ లూథరన్ కుటుంబాలు కూడా ఉన్నాయి. 1878లో పొరుగున ఉన్న ముర్తోవా దాకా రైలు వచ్చింది, తర్వాతి దశకంలో రూపన్యప్‌కూ ఒక శాఖ వేశారు. ఇక అక్కడి నుంచి గోధుమే ఊరు, ఊరే గోధుమ.

అయితే ఊరి చరిత్రను 1870లతో మొదలుపెట్టడం సగం కథ చెప్పడమే అవుతుంది. ఆ 320 ఎకరాల చెక్కలు ఖాళీ నేల మీద గీసినవి కావు. వెర్గాయా, వోట్జోబలుక్, జార్ద్వాజాలి తదితర మూలవాసుల నేల అది. విమ్మెరలో వాళ్ల భూమి హక్కును న్యాయస్థానం గుర్తించడానికి 2005 డిసెంబరు దాకా పట్టింది, ఆగ్నేయ ఆస్ట్రేలియాలో అలా గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. మీ కథనంలో వేసిన షీప్ హిల్స్ సైలో ఫోటోలో కనిపించే ముఖాలు మూలవాసులవే. ఫోటో కింద ‘రంగుల వెలుగులో స్థానికులు’ అని వ్యాఖ్య రాసి వదిలేయడం బాగాలేదు.

ముర్తోవాలో మరో కట్టడం ఉంది, సైలోల గురించి రాసేవాళ్లు దాన్ని వదలకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు దొరక్క ఎగుమతులు స్తంభించి గోధుమ గుట్టలు పేరుకుపోయినప్పుడు, 1941-42లో అక్కడ హడావుడిగా ఒక గిడ్డంగి లేపారు. ఉక్కు కూడా కరువైన రోజులు కాబట్టి 560 చెట్ల మానులను చెక్కకుండా ఉన్నవున్నట్టే పాతి పైన రేకుల కప్పు వేశారు. పొడవు 270 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు. లోపల నిలబడితే ఆ మానుల వరసలు ఎటు చూసినా అంతు కనిపించవు. పైకప్పు సందుల్లోంచి పడే వెలుతురు తప్ప దీపం ఉండదు. కూల్చేద్దామన్న మాటలు దాటుకుని 2014లో అది జాతీయ వారసత్వ జాబితాకెక్కింది.

ఇక అసలు విషయానికి వస్తాను. విమ్మెర ఊళ్లు చిక్కిపోవడానికి పంటలు పండకపోవడం కారణం కాదు, పంటలు తక్కువ మనుషులతో పండడం కారణం. యంత్రాలు పెద్దవయ్యేకొద్దీ కమతాలూ పెద్దవయ్యాయి, ఒకప్పుడు నాలుగైదు కుటుంబాలు దున్నిన నేలను ఒక్క కుటుంబమే దున్నడం మొదలైంది. కుటుంబాలు తగ్గితే బడిలో పిల్లలు తగ్గుతారు, కొట్లో బేరం తగ్గుతుంది, చివరికి బ్యాంకు శాఖకు గిట్టుబాటు కాదు. 1990లలో ఆస్ట్రేలియా పెద్ద బ్యాంకులు దేశమంతటా రెండు వేల దాకా శాఖలు మూసేశాయి. బ్యాంకు లేని ఊళ్లో డబ్బు తీసుకోవడానికి పక్క పట్నం వెళ్లినవాళ్లు సరుకులూ అక్కడే కొనుక్కువస్తారు, దాంతో ఊళ్లో కొట్టు కూడా మూతపడుతుంది. ఇది మన మండల కేంద్రాల చుట్టుపక్కల పల్లెల్లో వ్యాపారం చేసుకునే ఎవర్ని అడిగినా చెబుతారు.

రూపన్యప్, దాని పొరుగూరు మినిప్ కలిసి చేసిన పని ఇక్కడే మొదలవుతుంది. బంగారు గనుల రోజుల్లో, 1858లో, గృహనిర్మాణ పొదుపు సంఘంగా పుట్టి 1995లో బ్యాంకుగా మారిన బెండిగో బ్యాంకు దగ్గర ఒక ఏర్పాటు సిద్ధంగా ఉంది. శాఖను బ్యాంకు పెట్టదు, ఊరే పెట్టుకోవాలి. ఊరివాళ్లు వాటాలు కొని ఒక కంపెనీ ఏర్పాటు చేసుకుంటారు, భవనం, సామాను, సిబ్బంది జీతాల ఖర్చు ఆ కంపెనీది. లైసెన్సు, కంప్యూటర్లు, డిపాజిట్ల భద్రత, అప్పుల తాలూకు నియమాలు బ్యాంకువి. వచ్చిన ఆదాయాన్ని ఇద్దరూ పంచుకుంటారు. శాఖ తెరవకముందే ఎంతమంది ఖాతాలు మారుస్తారో, ఎవరెంత వాటా పెడతారో ఊరివాళ్లే తిరిగి మాట తీసుకోవాలి. ఈ పద్ధతిలో దేశం మొత్తంలో తొలి శాఖలు 1998 జూన్‌లో ఈ రెండు ఊళ్లలోనే తెరుచుకున్నాయి. పట్టుమని వెయ్యిమంది ఉండే జంట ఊళ్లు చేసిన ప్రయోగం, తర్వాత నగర శివార్లతో సహా దాదాపు 300 చోట్లకు పాకింది.

సహకార రంగంలో జీవితం గడిపినవాణ్ణి కనుక నన్ను ఆకట్టుకున్నవి ఇందులోని రెండు నియమాలు. ఇలాంటి కంపెనీల్లో సాధారణంగా ఎన్ని వాటాలున్నా మనిషికి ఒక్కటే ఓటు, ఏ ఒక్కరూ పదో వంతుకు మించి వాటా పెట్టుకోరాదు. మా సంఘాల బైలాలోనూ మనిషికి ఒకే ఓటు ఉంది. కానీ ఆ ఓటు వేసే అవకాశమే లేకుండా ఏళ్ల తరబడి నామినేటెడ్ కమిటీలతో నెట్టుకొస్తున్నాం, అది వేరే ఉత్తరానికి సరిపడే సంగతి. రెండో నియమం లాభాల గురించి. వాటాదారులకు డివిడెండు పరిమితంగానే ఇస్తారు, మిగిలిన లాభంలో పెద్ద భాగం ఊరి అవసరాలకే గ్రాంట్లుగా వెళుతుంది. ఆట మైదానం, అగ్నిమాపక స్వచ్ఛంద దళం, వృద్ధుల ఆశ్రమం, బడి ఇలా ఊరు ఏది అడిగితే అది. దేశంలోని ఇలాంటి శాఖలన్నీ కలిపి ఇప్పటిదాకా 30 కోట్ల డాలర్లకు పైగా తమ ఊళ్లకు తిరిగి ఇచ్చాయి. విక్టోరియాలో సైలోల మీద తొలి బొమ్మలు పూర్తయింది 2016 మొదట్లో, బ్రిమ్ అనే ఊళ్లో. అప్పటికి రూపన్యప్ బ్యాంకు శాఖ వయసు పద్దెనిమిదేళ్లకు దగ్గరపడింది.

అదే 1998 ఈ ప్రాంతానికి చెడ్డ సంవత్సరం కూడా అయింది. ఆస్కోకైటా అనే శిలీంధ్రపు తెగులు దేశపు దక్షిణ ప్రాంతాల్లోని శనగ చేలను ఊడ్చిపెట్టింది. శనగ సాగు ఎక్కువగా ఉత్తరానికి, న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ వైపుకు తరలిపోయింది. విమ్మెర రైతులు మనం మైసూరు పప్పు అని పిలిచే మసూరు వైపు మళ్లారు. ఏడాదికి అటూ ఇటూగా 400 మిల్లీమీటర్ల వాన, పగుళ్లిచ్చే బూడిదరంగు రేగడి, మే నెలలో విత్తి డిసెంబరు ప్రాంతంలో కోత. మా పర్చూరు, మార్టూరు వైపు రైతుకు ఆ నేలను చూపిస్తే అక్కడి నెలలు తిరగబడి ఉన్నాయన్న ఒక్క తేడా తప్ప కొత్తగా ఏమీ అనిపించదు. శనగల ధర పడి, సరుకు శీతల గిడ్డంగుల్లో మగ్గుతున్న ప్రతిసారీ మావాళ్లు ‘ఆస్ట్రేలియా శనగలు’ అని తిట్టుకుంటారు, నేనూ తిట్టాను. 2017 డిసెంబరులో మన కేంద్ర ప్రభుత్వం శనగలు, మసూరు దిగుమతులపై ఉన్నట్టుండి 30 శాతం సుంకం వేసి, కొద్ది నెలల్లోనే శనగల మీద దాన్ని 60 శాతానికి పెంచింది. సుంకం వేయడం తప్పని నేననను, మా రైతుకు అది కావాలి. కానీ విత్తనం వేసేటప్పుడు లేని నియమం కోత కోసేటప్పుడు ఊడిపడితే ఎలా ఉంటుందో మాకు తెలిసినట్టే అక్కడివాళ్లకూ తెలిసింది. మీ కథనంలో ఆ సైలోల్లోకి ఏ గింజ పోతుందో, అది ఎవరి కంచంలోకి చేరుతుందో రాసి ఉంటే తెలుగు పాఠకుడికి ఆ ఊరు ఇంకాస్త దగ్గరయ్యేది.

  

చివరిగా రూపన్యప్ సైలోల గురించి ఒక సవరణ. వాడకం మానేసిన పాత కాంక్రీటు సైలోల మీద గీశారని మీరు రాసిన మాట బ్రిమ్‌కు వర్తిస్తుంది, అవి 1939 నాటివి. రూపన్యప్‌వి మాత్రం ఒక ధాన్యం ఎగుమతి సంస్థకు చెందిన పొట్టి ఉక్కు సైలోలు. ఒకదానికొకటి ఆనుకున్న ఆ రెండింటి మీద రష్యా చిత్రకారిణి జూలియా వోల్చ్‌కోవా 2017లో ఊరి యువతీయువకుల్ని ఇద్దర్ని నలుపు తెలుపు ఛాయల్లో గీసింది. అమ్మాయి ఒంటి మీద నెట్‌బాల్ (బాస్కెట్‌బాల్‌ను పోలిన ఆట) దుస్తులు, అబ్బాయి ఒంటి మీద ఫుట్‌బాల్ దుస్తులు. ఆ దుస్తులు అలంకారానికి వేసినవి కావు. ఆ ప్రాంతంలో మగపిల్లల ఫుట్‌బాల్, ఆడపిల్లల నెట్‌బాల్ ఒకే క్లబ్బు కింద నడుస్తాయి. శీతకాలపు శనివారం మైదానం చుట్టూ కార్లు ఆగి ఉంటాయి, తల్లిదండ్రులు వంతులవారీగా క్యాంటీన్‌లో నిలబడతారు, చిన్నపిల్లల ఆట నుంచి పెద్దల ఆట దాకా పొద్దస్తమానం సాగుతుంది. వారమంతా ఎవరి పొలంలో వాళ్లుండే మనుషులు ఒకచోట కలిసేది ఆ ఒక్కరోజే. ఆటగాళ్లు చాలక ఒక ఊరి జట్టు పక్క ఊరి జట్టులో కలిసిపోవడం అక్కడ బడి మూతపడ్డంత పెద్ద వార్త.

బొమ్మల వల్ల లాభం లేదని నా అభిప్రాయం కాదు. వాటిని చూడ్డానికి వచ్చినవాళ్లు కాఫీ తాగుతారు, పెట్రోలు పోయించుకుంటారు, మేమూ అలాగే ఆగాం. ఊరి జనాభా మాత్రం దానివల్ల పెరిగిపోలేదు, బ్యాంకు వల్లా పెరగలేదు. ఉన్నవాళ్లకు ఉండడానికి వీలైంది, అంతే. మీ విలేకరులెవరైనా మళ్లీ ఆ దారిన వెళితే, ఇలాంటి బ్యాంకు కంపెనీ ఏదైనా ఒకదాని వార్షిక నివేదికలోంచి ఏ సంస్థకు ఎంత గ్రాంటు ఇచ్చారో ఆ పట్టికను యథాతథంగా అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. మా సంఘాల సభ్యులకు చదివి వినిపించడానికి నాకు అది కావాలి.

ఇట్లు,
సహకార సంఘ విశ్రాంత కార్యదర్శి,
పర్చూరు.