బాడుగ పెద్దగా పెరగలేదు, పన్ను పెరిగింది

సంపాదకుడు గారికి,

పోయిన మంగళవారం మీ జిల్లా పేజీలో ఇంటి ఓనర్ల దోపిడీ గురించి వచ్చిన వార్త చదివి ఆరు రోజులు ఊరుకున్నాను. నిన్న పాల ప్యాకెట్ల కోసం పోతే, కొట్టు దగ్గర ఒకాయన ఆ పేపరు నా చేతిలో పెట్టి "ఏం సార్, మీరూ దోచుకుంటాండారంట గదా" అని నవ్వాడు. ఇక రాయక తప్పలేదు.

నా దోపిడీ లెక్క చెబుతాను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డప్పుడు వన్‌టౌన్‌లో మా ఇల్లు మునిగింది. రెండు రాత్రులు మిద్దె మీదే ఉన్నాం. ఎత్తు మీద, పై అంతస్తులో ఒక గూడు ఉంటే చాలని అప్పటి నుంచి మా ఆవిడ పట్టు. రిటైరైన డబ్బుతో 2014లో నంద్యాల చెక్‌పోస్ట్ అవతల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాం. అన్నీ కలిపి 24 లక్షలైంది. అక్కడ ఉండలేకపోయాం. ఆమెకు పాత వీధి వదలబుద్ధి కాలేదు, బాడుగకిచ్చాం. నెలకు 9,000. ఏడాదంతా ఖాళీ లేకుండా ఉంటే 1,08,000. అదే డబ్బు ఏడు శాతానికి బ్యాంకులో వేసుంటే 1,68,000 వచ్చేది, సింక్ కారుతోందని రాత్రి పదింటికి ఎవరూ ఫోన్ చేసేవాళ్లు కాదు.

పోయినసారి బాడుగకున్న మనిషి ఉల్లిపాయల వ్యాపారం చేసేవాడు. మర్యాదస్తుడే. కానీ ధర పడిపోయినప్పుడు అమ్మకుండా సరుకు తెచ్చి మా ఫ్లాట్ హాల్లో దించాడు. రేటు లేస్తుందని ఆశ. లేవలేదు. నాలుగు నెలలు బాడుగ ఇవ్వక, ఒక ఆదివారం తెల్లవారుజామున తాళం వాచ్‌మన్‌కిచ్చి పోయాడు. తలుపు తీస్తే కళ్లల్లో నీళ్లు, బాధతో కాదు, ఘాటుకు. గోనెసంచుల కింద కారిన నీరు టైల్స్ సందుల్లోకి దిగి నల్లగా గడ్డకట్టింది. చాకు మొనతో గీకితే తప్ప రాలేదు. బాత్రూమ్ కొళాయికి హ్యాండిల్ లేదు. ఎందుకు పీక్కుపోయాడో ఇప్పటికీ అర్థం కాదు. రెండు నెలల అడ్వాన్స్ పోను 18,000 బాకీ, 4,860 కరెంటు బిల్లు బాకీ. మీటరు నా పేరు మీద ఉంది కాబట్టి ఆ బిల్లు నాదే. సున్నం, రంగులు వేరే.

ఒక పోలీస్ స్టేషన్‌కు పోతే "ఇది సివిల్ మేటర్, కోర్టుకు పోండి" అన్నారు. వకీలు దగ్గరికి పోతే మా 11 నెలల అగ్రిమెంటు అటూ ఇటూ తిప్పి చూసి, కేసు వేస్తే వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ, వదిలేయండి సార్ అన్నాడు. రిజిస్ట్రేషన్ బాధ ఉండదనుకుని అందరం 11 నెలలకే రాసుకుంటాం. 1960 నాటి అద్దె చట్టం స్థానంలో మన రాష్ట్రానికి 2017లో కొత్త చట్టం వచ్చింది. ఆ సంగతి నాకు చెప్పింది కూడా ఆ వకీలే. ఇన్నేళ్లుగా మీ పేపరు చదువుతున్నాను, అందులో ఎక్కడా కనపడలేదు. ఈ చట్టం కింద ఓనరు గానీ, బాడుగకుండేవాళ్లు గానీ ఎవరి దగ్గరికి పోవాలి, ఏ ఆఫీసు, ఏ గది, ఎన్ని గంటలకు? మీ విలేకరి ఇది కనుక్కుని రాస్తే ఇద్దరికీ మేలు.

అసలు మంట పన్ను గురించి. ఇంటి పన్ను ఒకప్పుడు ఇల్లు ఎంత బాడుగ తెస్తుందో చూసి వేసేవారు. 2021 ఏప్రిల్ నుంచి ఇంటి విలువ చూసి వేస్తున్నారు. ఏటా 15 శాతానికి మించి పెంచబోమన్నారు, సంతోషించాం. కూర్చుని లెక్కేశాను, ఏటా 15 శాతం చొప్పున ఐదేళ్లు పెరిగితే రెట్టింపు దాటుతుంది! 2019లో నా ఫ్లాట్ బాడుగ 8,000. ఇప్పుడు 9,000. విలువ ఎందుకు పెరిగిందో కర్నూలులో అందరికీ తెలిసిందే. 2020లో చట్టం చేసి కర్నూలును న్యాయ రాజధాని అన్నారు, రాత్రికి రాత్రి బ్రోకర్లు పుట్టుకొచ్చారు. 2021 నవంబరులో ఆ చట్టమే వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు హైకోర్టు బెంచ్ అంటున్నారు. మాట లేచినప్పుడల్లా సెంటు ధర లేస్తుంది, మాట చప్పబడ్డా ధర దిగదు. కోర్టు రాలేదు, జడ్జిగారెవరూ నా ఫ్లాట్ బాడుగకు అడగలేదు. 1953లో కర్నూలుకు నిజంగా ఆంధ్ర రాష్ట్ర రాజధాని వచ్చినప్పుడు ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మా నాయన ముందుగది ఒక గుమాస్తాకు బాడుగకిచ్చాడు. ఆయన ఖాళీ చేసేటప్పుడు గది కడిగి, ముగ్గు పెట్టించి మరీ పోయాడని మా అమ్మ చెప్పేది.

పన్ను కట్టిన వీధిలో లైట్లు వెలగవు. మురుగు కాలువ మీద బండ పగిలి సంక్రాంతి నుంచి అట్లే ఉంది. పక్కనే తుంగభద్ర పారే ఊళ్లో, ఎండాకాలం వస్తే మా అపార్ట్‌మెంటు ట్యాంకర్ కోసం కాచుకోవాలి. ట్యాంకర్ డబ్బులు మెయింటెనెన్స్‌లో కలిపితే బాడుగకున్నవాళ్లు ఓనర్నే తిడతారు. వాళ్ల తప్పూ కాదు.

ఓనర్లందరూ మంచివాళ్లని అనను. పేరు వినగానే ఇల్లు లేదనేవాళ్లు, కులం అడిగేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. మీటింగులో గొడవపడ్డాను కూడా. అడ్వాన్స్ తిరిగివ్వని వాళ్లనూ ఎరుగుదును. వాళ్ల మీద రాయండి, వద్దనను. కానీ మీ విలేకరి తొమ్మిది మంది బాడుగవాళ్లతో మాట్లాడి, ఒక్క ఓనరుతోనైనా మాట్లాడకపోవడం ఏం పద్ధతి?

ఆ వార్తలో, ఊరి చివర సరసమైన బాడుగకు ఇల్లే దొరకడం లేదని కూడా రాశారు. మా ఫ్లాట్ మూడు నెలలుగా ఖాళీగా ఉంది. రెండో అంతస్తు, తూర్పు వాకిలి, బాడుగ 9,000, అడ్వాన్స్ రెండు నెలలు. కొళాయి కొత్తది వేయించాను. ఎవరైనా రావచ్చు, ఉల్లిపాయలు మాత్రం తేవద్దు.

— ఒక రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు