పడమటి గాలి, మల్లెపూల దారం

సఖినేటిపల్లి

ప్రియమైన సూరిబాబుకు,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు క్షమించు. తిట్టదలచుకుంటే తిట్టు, కానీ నర్సాపురం రేవులో నీ ఎడమ చెప్పు కొట్టుకుపోయిన సంగతిని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదని గుర్తుంచుకుని తిట్టు. ఇక్కడ అందరూ క్షేమం. సార్వా నాట్లు అయిపోయాయి. కొబ్బరి ధర ఏడిపిస్తూనే ఉంది. చెప్పవలసిన సంగతి వేరే ఉంది.

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నీ విమానం పసిఫిక్ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళినా తొందరగానే చేరిందని రాశావు కదా, ఆ వాక్యాన్ని పెదనాన్నగారికి చదివి వినిపించడమే నేను చేసిన పొరపాటు. “చుట్టుదారైతే పొద్దెలా కలిసొస్తుందిరా? వాడు నిద్రపోయి ఉంటాడు” అని ఆయన ఒక్క మాటతో కొట్టిపారేశారు. (నీ నిద్రను ఆయన ఇంకా మరచిపోలేదు.)

నాకు పౌరుషం వచ్చి, పిల్లల గ్లోబు తెచ్చి, మల్లెపూల దారంతో ఆ రెండు ఊళ్ళనూ కలిపి బిగించాను. దారం పటంలోని గీతలాగా అడ్డంగా పోకుండా, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రం దాకా ఎక్కి అవతలికి దిగింది. అది సుమారు 12,400 కిలోమీటర్లు. ఎయిర్ ఇండియా మొదట్లో అట్లాంటిక్ వైపు నుంచి దాదాపు 13,900 కిలోమీటర్లు నడిపి, 2016 అక్టోబరులో పసిఫిక్ వైపుకు మళ్ళించిందనీ, ఆ దారి 15,300 కిలోమీటర్లయినా 14 గంటల 30 నిమిషాలలో, అంటే పాతదానికన్నా రెండు గంటలు ముందుగా, చేరుకున్నదనీ చెప్పాను. పది కిలోమీటర్లకు అటూ ఇటూ ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకు పారుతుందనీ, ఒక్కొక్కప్పుడు దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుందనీ వివరించబోతే, ఆయన చెయ్యెత్తి నన్ను ఆపేశారు.

“పడమటి గాలి అని ముందే చెప్పవేం?”

ఇక ఆయనలోని పాత పడవ సరంగు లేచాడు! ధవళేశ్వరం నుంచి కాకినాడకు ధాన్యం పడవ నడిపిన రోజులు, లాకుల దగ్గర పడిగాపులు, తెరచాప పొంగిన తీరు, తిరుగు ప్రయాణంలో గట్టు మీద తాడు లాగి భుజాలు కమిలిన మనుషులు, అన్నీ వరుసగా వచ్చాయి. “పడవ నీటిలో నడుస్తుంది, నీరు గట్టు వెంట నడుస్తుంది, వాలులో ఆ రెండు నడకలూ కలుస్తాయి, ఎదురు కాలువలో రెండు కోసులకన్నా వాలు కాలువలో మూడు కోసులే నయం” అన్నారు. నేను అరగంట తంటాలు పడినదాన్ని ఆయన రెండు వాక్యాలలో తేల్చేశారు. నాకు కొంచెం సిగ్గు వేసింది. నాన్న ఉండి ఉంటే... సరే, అది మరోసారి రాస్తాను.

వేసవిలో అక్కడి గడియారం మనకన్నా 12 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది కాబట్టి, తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయలుదేరిన విమానం అదే రోజు 6 గంటలకు అక్కడ దిగుతుందని చెప్పాను. “రెండు గంటలేనా? రాజమండ్రి నుంచి అమలాపురం బస్సంతే!” అని ఆ సాయంత్రమంతా వీధి అరుగు మీద వచ్చినవారందరికీ చెప్పారు. ఇప్పుడు ఊరిలో సగం మంది నీవు అమలాపురానికి అవతల ఎక్కడో ఉన్నావని అనుకుంటున్నారు.

రాత్రి భోజనాల దగ్గర మాత్రం ఆయన ముద్ద ఆపి, “మరి వాడు తిరిగి వచ్చేటప్పుడు తాడు ఎవరు లాగుతారు?” అని అడిగారు. నేను మళ్ళీ దారం పట్టుకుని, ఈసారి తూర్పుకే సాగి అట్లాంటిక్ మీదుగా

పంటు కూత వేసింది, ఈ కవరు అవతలి ఒడ్డున వేయాలి.

నీ
రాంబాబు