మిన్నియాపోలిస్ చలి, నీ బండి టైర్లు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. డాలస్ వదిలి మిన్నియాపోలిస్ వెళ్లాక ఇది మొదటి చలికాలం కదా, నీ ఇంటర్‌సెప్టర్ మోటార్‌సైకిల్‌ని గ్యారేజీలో పెట్టి కవర్ కప్పేస్తే సరిపోతుందా అని అడిగావు. బ్యాటరీ ఛార్జర్ కొన్నావు, పెట్రోల్‌లో కలిపే స్టెబిలైజర్ కొన్నావు, బాగుంది. టైర్ల గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అందుకే ఈ ఉత్తరమంతా వాటి గురించే. ఓపిగ్గా చదువు, మంచు పడకముందే ఈ పనులు అయిపోవాలి.

డాలస్‌లో ఈ బాధ లేదు. జనవరిలో కూడా ఏదో ఒక ఆదివారం ఎండ కాస్తుంది, బండి తీస్తావు, టైరు తిరుగుతుంది. మిన్నియాపోలిస్‌లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలైతే ఇక ఏప్రిల్ దాకా బండి కదలదు. టైరుకి చలి కంటే ఆ కదలకపోవడమే ఎక్కువ చేటు. గాలిలో ఉండే ఓజోన్ అనే వాయువు రబ్బరుని మెల్లగా తినేస్తూ ఉంటుంది, వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్లు అలాగే వస్తాయి. దానికి విరుగుడుగా టైరు తయారుచేసేటప్పుడే రబ్బరులో కొంత మైనం, ఓజోన్‌ని ఆపే రసాయనాలు కలుపుతారు. టైరు రోడ్డు మీద తిరుగుతూ, నొక్కుకుంటూ, వేడెక్కుతూ ఉంటేనే అవి లోపలి నుంచి బాగా పైకి ఊరి, ఒక పొరలా కాపాడతాయి. నిలబెట్టేసిన బండికి ఆ పొర సరిగ్గా అందదు.

సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క భాగం మీద, అప్పుడప్పుడు గోధుమరంగు మరకలా కనబడుతుంది చూడు, చాలామంది మురికి అనుకుని బ్రష్‌తో గీకి గీకి కడుగుతారు. అది మురికి కాదురా, ఆ రసాయనమే పైకొచ్చి రంగు మారింది. దాన్ని అలా వదిలెయ్. మట్టి, ఉప్పు, నూనె చుక్కలు పోయేలా గిన్నెలు తోమే సబ్బు కొద్దిగా నీళ్లలో కలిపి మెత్తటి గుడ్డతో తుడువు, ఆరనివ్వు, అంతే. నల్లగా మెరవడానికి పూసే డ్రెస్సింగ్‌లు మాత్రం వద్దే వద్దు. పెట్రోలియంతో చేసినవైతే ఆ కాపాడే పొరనే కరిగిస్తాయి. పైగా పొరపాటున ట్రెడ్ మీద, అంటే రోడ్డుకి ఆనే భాగం మీద పడితే, మొదటి మలుపులోనే బండి జారుతుంది. బండి టైరుకి మెరుపు ఎందుకు చెప్పు?

బండి ఎక్కడ పెడుతున్నావో కూడా చూసుకో. నీ గ్యారేజీ ఫోటోలో గోడ పక్కన ట్రెడ్‌మిల్, ఆ మూల ఇల్లు వెచ్చబరిచే ఫర్నెస్ కనిపించాయి. లోపల నిప్పురవ్వలు వచ్చే మోటార్ల దగ్గర ఓజోన్ పుడుతుంది, వెల్డింగ్ మెషీన్ దగ్గరైతే ఇంకా ఎక్కువ. వాటికి దూరంగా, కిటికీ ఎండ తగలని వైపు పెట్టు. మంచు తోసే మెషీన్‌కి పోసే పెట్రోల్ క్యాన్ కూడా బండి పక్కన ఉండకూడదు. కింద పాత ఆయిల్ మరక ఉంటే ముందు శుభ్రం చెయ్, ఆయిల్‌లో నానితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కవర్ ప్లాస్టిక్‌ది కాకుండా గాలి ఆడే గుడ్డది కొను. ప్లాస్టిక్ కింద చెమ్మ చేరితే నీ స్పోక్స్ తుప్పు పడతాయి.

ఇప్పుడు బరువు సంగతి. బండి రెండు వందల కిలోల పైమాటే. నెలల తరబడి ఒకేచోట నిలబడితే టైరు అక్కడ చదునవుతుంది. కొంచెం చదునైతే నాలుగు మైళ్లు తిరిగేసరికి సర్దుకుంటుంది. గాలి తగ్గి, చలికి బిగుసుకుపోయి నెలలు గడిస్తే ఆ చదును అలాగే ఉండిపోతుంది, హ్యాండిల్ దడదడలాడుతుంది. నీ బండికి సెంటర్ స్టాండ్ ఉంది కాబట్టి వెనక చక్రం గురించి టెన్షన్ లేదు. ముందు చక్రానికి స్టాండ్ దొరికితే సరే. లేదంటే ఫ్రేము కింద చెక్కముక్క వేసి చిన్న జాకీ పెట్టు, సైలెన్సర్ గొట్టాలకి మాత్రం తగలనివ్వకు. పిల్లలు గ్యారేజీలో ఆడుకుంటారు కాబట్టి వెనక నుంచి ఒక తాడుతో గోడకి కట్టెయ్. ఇవేవీ కుదరకపోతే టైరు కింద ప్లైవుడ్ ముక్కో పాత కార్పెట్టో వెయ్, చల్లటి కాంక్రీటుకీ చెమ్మకీ టైరు అంటకుండా ఉంటుంది. రెండు మూడు వారాలకోసారి చక్రాన్ని పావు వంతు తిప్పుతూ ఉండు.

అలా తిప్పేది ఎండ ఉన్న రోజు చూసుకుని చెయ్. 20 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే, అంటే సుమారు మైనస్ 7 సెల్సియస్ కంటే కిందకి పోయినప్పుడు టైర్ల మీద బరువు ఉండగా బండిని తొయ్యకు. రేసు బండ్లకి వేసే మెత్తటి టైర్లయితే ఆ చలిలో వంగినా పగిలే ప్రమాదం ఉంది. నీవి అంత సున్నితమైనవి కావు, అయినా ఎందుకు రిస్కు?

గాలి విషయం అన్నిటికంటే ముఖ్యం. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారన్‌హీట్ పడితే టైరులో గాలి ఒత్తిడి దాదాపు 1 పీఎస్‌ఐ (గాలి గేజి మీద చూపించే కొలత) తగ్గుతుంది. గ్యారేజీ 70 డిగ్రీలు ఉన్నప్పుడు 36 పెట్టావనుకో, జనవరి రాత్రి సున్నాకి పడితే 29 అవుతుంది. అదీ లీకేమీ లేకుండానే. పైగా నీవి ట్యూబు టైర్లు, నెలనెలా ఇంకొంచెం తగ్గుతూనే ఉంటుంది. అందుకని లోపల పెట్టే రోజున మామూలు కంటే కాస్త ఎక్కువే కొట్టు, కానీ సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠం దాటకు. వాల్వు మూతలు బిగించు. నెలకోసారి గేజి పెట్టి చూడు, తగ్గితే చిన్న పంపుతో నింపు. గాలి తీసేసి పెడితే టైరుకి విశ్రాంతి అని ఎవరైనా చెబితే వినకు. గాలి లేని టైరు మడతలు పడుతుంది, బండి తోసినప్పుడు లోపల ట్యూబు జారి వాల్వు దగ్గర చిరుగుతుంది.

ఇంకో పని ఈ రోజే చెయ్. సైడ్‌వాల్ మీద డీఓటీ (DOT, అమెరికా రవాణా శాఖ గుర్తు) అక్షరాల తర్వాత చివర్లో నాలుగంకెలు ఉంటాయి. 3521 అని ఉంటే 2021లో 35వ వారం తయారైందని. నువ్వు బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నావు కదా, టైర్లు ఎప్పటివో నీకు తెలియదు. ట్రెడ్ కొత్తగా కనబడినా వయసు ఐదేళ్లు దాటితే ఏటా మంచి మెకానిక్‌కి చూపించాలి, పదేళ్లు దాటితే మాట్లాడకుండా మార్చెయ్యాలి. ఎటూ మార్చాల్సినవైతే ఇప్పుడే కొత్తవి వేయించి చలికాలమంతా కూర్చోబెట్టకు, వసంతంలో వేయించుకో.

ఏప్రిల్‌లో ఒకటి రెండు మంచి వానలు పడి ఉప్పు కొట్టుకుపోయాకే బయటికి తియ్. గాలి మామూలు ఒత్తిడికి తగ్గించు, ట్రెడ్ సందుల్లో పగుళ్లున్నాయేమో లైటు వేసి చూడు. మొదటి రోజు మలుపుల్లో నెమ్మదిగా వెళ్లు, కూడళ్లలో చలికాలం చల్లిన ఇసుక మిగిలే ఉంటుంది.

ఆ నాలుగంకెలు ఫోటో తీసి రాత్రికి పంపు, రెండు టైర్లవీ. సుధని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
రవి